లైనక్స్ డెస్క్‌టాప్‌కు సౌండ్ కార్డు కనబడకపోతే కింది నుంచి పైకి వెతికే పద్ధతి

విజయనగరంలో వయొలిన్ నేర్పే ఒక మాస్టారి ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. అందులో ఉబుంటు 22.04 అనే లైనక్స్ వేసింది నేనే కనుక దాని మంచిచెడ్డలు చూసే బాధ్యత కూడా నాదే. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. అటువంటి ఊళ్లో పాఠానికి వచ్చిన పిల్లలకు పెద్దల కచేరీల రికార్డింగులు వినిపించడమంటే పాఠంలో సగం చెప్పినట్టే. ఒక సాయంత్రం మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, దీని గొంతు పోయింది, పిల్లలు వచ్చే వేళైంది" అన్నారు. ఆయన శిష్యుణ్ని కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీ తెరిపించాను. అవుట్‌పుట్ పరికరాల జాబితాలో "డమ్మీ అవుట్‌పుట్" అన్న ఒక్క పేరు తప్ప మరేమీ లేదని ఆ అబ్బాయి చెప్పాడు.

అదే స్థితిలో ఉన్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇటువంటి సమయంలో చాలామంది ఎక్కడో కనిపించిన నాలుగైదు కమాండ్లను తెచ్చి, అవి ఏం చేస్తాయో తెలుసుకోకుండా ఒకదాని వెంట ఒకటి నడిపిస్తారు. ఒక్కోసారి శబ్దం తిరిగి వస్తుంది కూడా. రానప్పుడు మాత్రం మొదట ఉన్న ఒక్క లోపానికి తాము తెచ్చిపెట్టుకున్న రెండు మూడు లోపాలు తోడై, అసలుది ఏదో గుర్తుపట్టలేని పరిస్థితి వస్తుంది. అందుచేత ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకుని, ఏ మార్పు చేసినా దాన్ని రాసుకుని, ఒకసారికి ఒకటే మార్పు చేయాలని మనవి.

కార్డు కనబడకపోవడం వేరు, శబ్దం రాకపోవడం వేరు

సెట్టింగ్స్‌లో కార్డు పేరు సరిగ్గా కనబడుతూ, శబ్దం మాత్రమే వినబడకపోతే అది మ్యూట్ అయి ఉండవచ్చు, జాక్ తప్పు రంధ్రంలో ఉండవచ్చు, శబ్దం మానిటర్ వైపు వెళ్తూ ఉండవచ్చు. అది తేలిక జబ్బు. కార్డు పేరే లేకుండా "డమ్మీ అవుట్‌పుట్" ఉంటే, శబ్దాన్ని పంపడానికి ఏ పరికరమూ దొరకక సిస్టమ్ ఒక ఉత్తుత్తి పరికరాన్ని నిలబెట్టుకుందని అర్థం. అప్పుడు వాల్యూమ్ ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

ఈ రెండో జబ్బును పట్టుకోవాలంటే శబ్దం ఏ దారిన వస్తుందో తెలిసి ఉండాలి. మదర్‌బోర్డు మీద రెండు భాగాలు ఉంటాయి. ప్రాసెసర్‌తో మాట్లాడే కంట్రోలర్ ఒకటి. అంకెలుగా ఉన్న ధ్వనిని స్పీకరుకు పంపగల విద్యుత్ సంకేతంగా మార్చే కోడెక్ అనే చిన్న చిప్ రెండోది. డెస్క్‌టాప్‌లలో ఈ కోడెక్ చాలావరకు రియల్‌టెక్ వారిది. వీటి పైన, లైనక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్ అనే ప్రోగ్రాములో, ఆల్సా అనే డ్రైవర్ల (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాముల) వ్యవస్థ ఉంటుంది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి లైనక్స్‌లో ధ్వనికి ఆధారం ఇదే. దాని పైన, ఒకేసారి అనేక ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి కార్డుకు అందించే సౌండ్ సర్వర్ ఉంటుంది. పాత సిస్టమ్‌లలో అది పల్స్ఆడియో, కొత్తవాటిలో పైప్‌వైర్. లైనక్స్ రకాలలో ఫెడోరా 2021లో వచ్చిన 34వ వెర్షను నుంచి, ఉబుంటు 22.10 నుంచి, మింట్ 22 నుంచి పైప్‌వైర్‌నే వాడుతున్నాయి. మనకు కనబడే సెట్టింగ్స్ పేజీ అన్నిటికంటే పైన ఉంటుంది కనుక, కింద ఎక్కడ తెగినా అక్కడ కనబడేది అదే "డమ్మీ అవుట్‌పుట్". కాబట్టి పైన కూర్చుని సెట్టింగ్స్ మార్చడం కాదు, కింది నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ ఎక్కడి దాకా ఆరోగ్యంగా ఉందో చూసుకుంటూ రావాలి.

ఒక సౌకర్యం చెప్పుకోవాలి. ఫోనులో ఆ అబ్బాయికి ఎలా చెప్పానో అలాగే కమాండ్లను ఇక్కడ కూడా పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు రాసే కిటికీలో, వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. "ఖాళీ" అన్నచోట స్పేస్ బార్ నొక్కాలి. హైఫన్ అంటే అడ్డగీత, స్లాష్ అంటే కుడివైపు వాలిన గీత. చాలా కమాండ్ల ముందు, వాటిని నిర్వాహకుడి అధికారంతో నడిపే "సుడో" పెట్టవలసి వస్తుంది. అది పాస్‌వర్డ్ అడుగుతుంది, టైపు చేస్తున్నప్పుడు తెర మీద ఏమీ కనబడదు, అది సహజమే.

విప్పకముందు, విప్పిన తరువాత

ముందుగా కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, వెనక కరెంటు తీగ పీకి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, ఒకటి రెండు నిమిషాలు ఆగి తిరిగి పెట్టండి. రీస్టార్ట్‌కూ దీనికీ తేడా ఉంది. రీస్టార్ట్‌లో మదర్‌బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, తప్పు స్థితిలో బిగుసుకుపోయిన కోడెక్ అలాగే ఉండిపోవచ్చు. అదే యంత్రంలో విండోస్ కూడా ఉన్నవారికి ఇది మరింత అవసరం. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం షట్‌డౌన్ పేరుతో సగమే ఆపుతుంది. దాన్ని విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో తీసివేయడం మంచిది.

తరువాత బయోస్, అంటే లైనక్స్ మొదలవక ముందే మదర్‌బోర్డు తానే చూపే సెట్టింగ్స్. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే తెరుచుకుంటుంది. "ఆన్‌బోర్డ్ డివైసెస్" లేదా "అడ్వాన్స్‌డ్" అన్న విభాగంలో "హెచ్‌డీ ఆడియో" అనో, "ఆన్‌బోర్డ్ ఆడియో" అనో, పాత బోర్డులలో "అజాలియా" అనో ఉన్న పంక్తి "ఎనేబుల్డ్" అని చూపాలి. "డిసేబుల్డ్" అని ఉంటే ఆ చిప్ ఉన్నట్టే లైనక్స్‌కు తెలియదు. ఏ డ్రైవరూ దానిని వెతికి పట్టుకోలేదు. ఇక్కడే తేదీ, సమయం కూడా గమనించండి. ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతూ ఉంటే మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోయిందన్నమాట. ఆ స్థితిలో ఈరోజు ఎనేబుల్ చేసినది రేపు కరెంటు పోయాక నిలవదు. సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల సెల్లు గడియారాల షాపులో కూడా దొరుకుతుంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తీర ప్రాంతం వారికి మరొక మాట. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి లోహపు కాంటాక్టుల మీద పొర కడుతుంది. విడిగా స్లాట్‌లో పెట్టిన సౌండ్ కార్డు అయితే, కరెంటు తీగ తీసేసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి చేతిలోని స్థిరవిద్యుత్తు పోగొట్టుకుని, కార్డును బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి లేకుండా చేసి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టండి. తడిసిన యంత్రం విషయంలో మాత్రం తొందరపడకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి వంటి రోజులలో గాలివానకు ఇంట్లో సామానంతా చెమ్మగిల్లుతుంది. అలాంటప్పుడు కరెంటు వచ్చిన క్షణమే ఆన్ చేయకుండా, మూత తీసి రెండు మూడు రోజులు ఆరనివ్వడమే క్షేమం.

కెర్నల్ చిప్‌ను చూసిందా

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ, ఖాళీ, హైఫన్ ఎన్ఎన్‌కే అని టైపు చేయండి. మదర్‌బోర్డుకు తగిలించి ఉన్న పరికరాలన్నీ వరుసగా వస్తాయి. వాటిలో "ఆడియో డివైస్" లేదా "మల్టీమీడియా ఆడియో కంట్రోలర్" అన్న పంక్తులు వెతకండి. హెచ్‌డీ ఆడియో పరికరం పక్కన చదరపు కుండలీకరణంలో 0403 అన్న సంఖ్య ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కనబడితే ఆశ్చర్యపడకండి. మదర్‌బోర్డు ఆడియో ఒకటి, గ్రాఫిక్స్ కార్డు నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా మానిటర్‌కు వెళ్లే ఆడియో ఇంకొకటి. ఎన్‌విడియా పేరుతో ఉన్నది చాలావరకు రెండో రకమే. సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ ఒక్కటే కనబడి స్పీకర్ల పేరు లేకపోతే, మదర్‌బోర్డు ఆడియో మాత్రమే తప్పిపోయిందని ఇక్కడే తేలిపోతుంది.

మదర్‌బోర్డు ఆడియో పంక్తి అసలే లేకపోతే మళ్లీ బయోస్‌కు వెళ్లండి. అక్కడ ఎనేబుల్ అయి ఉండి, కరెంటు తీగ పీకి పెట్టినా, బయోస్‌ను డిఫాల్ట్ సెట్టింగ్స్‌కు మార్చినా ఈ జాబితాలో రాకపోతే, చిప్ పోయిందనే నా అభిప్రాయం. పిడుగుపాటు, వోల్టేజీ ఎగుడుదిగుడుల వల్ల అది జరగవచ్చు. మదర్‌బోర్డు మార్చమని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలు, దాని సంగతి కింద చెబుతాను.

పంక్తి ఉంటే దాని కిందే "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న మాట ఉందేమో చూడండి. మామూలుగా దాని ఎదుట ఎస్ఎన్‌డీ అండర్‌స్కోర్ హెచ్‌డీఏ అండర్‌స్కోర్ ఇంటెల్ అని ఉంటుంది. పేరులో ఇంటెల్ ఉన్నా ఏఎండీ, ఎన్‌విడియా కంట్రోలర్లను నడిపేది కూడా అదే డ్రైవరు. ఇంటెల్ 2004లో ప్రకటించిన హెచ్‌డీ ఆడియో ప్రమాణాన్ని మిగతావారు కూడా అనుసరించడమే అందుకు కారణం. కాబట్టి ఏఎండీ యంత్రంలో ఆ పేరు చూసి తప్పు డ్రైవరు పడిందని తీసేయకండి.

మాస్టారి యంత్రంలో చిప్ పంక్తి ఉంది, కానీ "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" లేదు. అంటే చిప్ బతికే ఉంది, దాన్ని పలికించే డ్రైవరే రాలేదు. ఈ స్థితిని వివరంగా చెప్పుకోవాలి. కార్డు కనబడని కేసుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

డ్రైవరు ఎక్కడికి పోయింది

మొదట డ్రైవరును చేత్తో పిలిచి చూడాలి. సుడో, ఖాళీ, మోడ్‌ప్రోబ్, ఖాళీ, ఎస్ఎన్‌డీ హైఫన్ హెచ్‌డీఏ హైఫన్ ఇంటెల్. ఏ సందేశమూ లేకుండా కర్సర్ కింది పంక్తికి వస్తే డ్రైవరు వచ్చినట్టే. అప్పుడు శబ్దం కూడా వస్తే, ఎవరో దానిని బూట్ సమయంలో రాకుండా ఆపారన్నమాట. దానికి స్లాష్ ఈటీసీ స్లాష్ మోడ్‌ప్రోబ్ చుక్క డీ అన్న ఫోల్డరులోని ఫైళ్లు చూడాలి. "బ్లాక్‌లిస్ట్" అన్న మాట పక్కన ఈ డ్రైవరు పేరే ఉంటే, ఆ పంక్తి మొదట హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేయండి. అదే ఫోల్డరులో పీసీ స్పీకరుకు, పాత మోడెములకు సంబంధించిన మరికొన్ని బ్లాక్‌లిస్ట్ పంక్తులు ఉంటాయి. అవి సిస్టమ్ తానే కావాలని పెట్టుకున్నవి, వాటిని కదపవద్దు. గతంలో ఎవరి సలహా మీదనో "మోడల్" అన్న ఆప్షన్‌తో చేర్చిన పంక్తి ఉంటే దాన్ని మాత్రం తీసి చూడండి. మరో యంత్రానికి సరిపోయిన మోడల్ పేరు మీ యంత్రంలో ఉన్న శబ్దాన్ని కూడా పోగొట్టగలదు.

మాస్టారి యంత్రం అలా మౌనంగా ఉండలేదు. "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అని సందేశం ఇచ్చింది. మాడ్యూల్ అంటే ఇక్కడ డ్రైవరు ఫైలు; అదే డిస్క్‌లో లేదు. ఇటీవల ఏమైనా తీసేశారా అని అడిగితే, శిష్యుడు కాసేపు తటపటాయించి నిజం చెప్పాడు. సీడీ నాణ్యతలో దాచిన రికార్డింగు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు, గంట కచేరీ 600 మెగాబైట్లకు పైగా పడుతుంది. ఏళ్ల తరబడి చేర్చిన కచేరీలతో డిస్క్ నిండిపోయి, అప్‌డేట్లు ఆగిపోయాయి. స్థలం కోసం ప్యాకేజీల జాబితా చూస్తూ, "లైనక్స్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా" అని ఉన్నది అదనపు సరుకేనని అతను తీసేశాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు; ఆ పేరు చదివిన ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఉబుంటులో హెచ్‌డీ ఆడియో డ్రైవరు ఉండేది ఆ ప్యాకేజీలోనే, దానితో పాటు అనేక వైఫై డ్రైవర్లు కూడా. శబ్దం, వైఫై రెండూ ఒకే రోజు పోయాయంటే మొదట అనుమానించవలసింది దీనినే.

చికిత్స ఇది. యూనేమ్, ఖాళీ, హైఫన్ ఆర్ అని టైపు చేస్తే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ పూర్తి పేరు వస్తుంది. దాన్ని అక్షరం పోకుండా కాగితం మీద రాసుకోండి. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్న తరువాత ఖాళీ వదిలి, లైనక్స్ హైఫన్ మాడ్యూల్స్ హైఫన్ ఎక్స్‌ట్రా హైఫన్ అని రాసి, దానికి ఆనించి ఆ కెర్నల్ పేరు రాసి ఎంటర్ నొక్కండి. ఆ ప్యాకేజీని తీసేసినప్పుడు, కెర్నల్ అప్‌డేట్లను వెంట తెచ్చే ప్యాకేజీ కూడా దానితో పాటే పోయి ఉంటుంది. అందుచేత లైనక్స్ హైఫన్ జెనెరిక్ అన్న ప్యాకేజీని కూడా ఇన్‌స్టాల్ చేయాలి. కొత్త హార్డ్‌వేర్ కోసమని ఇచ్చే కెర్నల్ వాడుతున్నవారు దానికి తగిన పేరు వేయాలి. ఈ రెండోది మరిచిపోతే శబ్దం వస్తుంది గాని, ఆ యంత్రానికి కెర్నల్ భద్రతా సవరణలు రావడం నిలిచిపోతుంది, ఆ విషయం ఎవరికీ తెలియదు కూడా.

వైఫై కూడా పోయి ప్యాకేజీ తెచ్చుకునే దారి లేకపోతే, కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ లేదా పాత యంత్రాలలో షిఫ్ట్ నొక్కి, ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెప్పించండి. "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లో దీనికంటే పాత కెర్నల్ ఉంటే దానితో బూట్ చేయండి. దాని డ్రైవర్లు దానికి వేరుగా ఉంటాయి కనుక వైఫై, శబ్దం రెండూ అక్కడ పనిచేసే అవకాశం ఉంది. ఈ పాత కెర్నల్ పరీక్ష మిగతా సందర్భాలలో కూడా విలువైనదే. అప్‌డేట్ తరువాత కార్డు మాయమై, పాత కెర్నల్‌లో కనబడుతూ ఉంటే, లోపం చిప్‌ది కాదు, కొత్త కెర్నల్‌దేనని రుజువవుతుంది.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా దాదాపు ఇదే లక్షణం రావచ్చు. ఫైళ్లు సగం దిగి, సర్దుబాటు పూర్తి కాకుండా ఉండిపోతుంది. అప్పుడు సుడో డీపీకేజీ, ఖాళీ, రెండు హైఫన్లు ఆనించి కాన్ఫిగర్, ఖాళీ, హైఫన్ ఏ అన్న కమాండ్ మిగిలిన పనిని పూర్తి చేస్తుంది. దాని వెంట సుడో ఆప్ట్, ఖాళీ, రెండు హైఫన్లతో ఫిక్స్ హైఫన్ బ్రోకెన్, ఖాళీ, ఇన్‌స్టాల్ కూడా నడపండి. యూపీఎస్ లేని ఇళ్లలో, మబ్బు పట్టిన సాయంత్రాలలో కెర్నల్ అప్‌డేట్ మొదలుపెట్టవద్దని నేను అందరినీ బతిమాలుతూ ఉంటాను. ఆర్చ్ వంటి లైనక్స్ రకాలలో మరో చిక్కు ఉంది. కెర్నల్ అప్‌డేట్ అయిన వెంటనే నడుస్తున్న కెర్నల్ తాలూకు డ్రైవర్ల ఫోల్డరు తొలగిపోతుంది కనుక, రీస్టార్ట్ చేసేవరకు కొత్తగా తగిలించిన యూఎస్‌బీ సౌండ్ కార్డు కనబడకపోవచ్చు. రీస్టార్టే దానికి మందు.

డ్రైవరు వచ్చినా కార్డు లేకపోతే

డ్రైవరు పేరు కనబడుతోంది, అయినా కార్డు తయారు కాలేదనుకుందాం. క్యాట్, ఖాళీ, స్లాష్ ప్రాక్ స్లాష్ ఏసౌండ్ స్లాష్ కార్డ్స్ అన్న కమాండ్‌కు "నో సౌండ్‌కార్డ్స్" అని జవాబు వస్తే, కెర్నల్ తన దినచర్యలో ఏం రాసుకుందో చదవాలి. సుడో డీమెసేజ్ అని పలుకుతాం గాని, టైపు చేసేది డీ, ఎం, ఈ, ఎస్, జీ అన్న ఐదు అక్షరాలే. అందులో హెచ్‌డీఏ, ఎస్ఎన్‌డీ, ఎస్ఓఎఫ్ అన్న మాటలు ఉన్న పంక్తులు మనవి.

"నో కోడెక్స్ ఫౌండ్" అని ఉంటే, కంట్రోలర్ పిలిచినా కోడెక్ పలకలేదని అర్థం. అయితే ఆ పంక్తి మొదట్లో ఉన్న పరికరపు సంఖ్యను ఎల్ఎస్‌పీసీఐ జాబితాతో పోల్చకుండా కంగారు పడవద్దు. అది గ్రాఫిక్స్ కార్డు ఆడియో గురించి చెప్పిన మాట అయితే మీ స్పీకర్లకు దానితో సంబంధం లేదు. మదర్‌బోర్డు ఆడియో గురించే అయితే, పైన చెప్పినట్టు కరెంటు తీగ పీకి, బటన్ నొక్కి పట్టుకునే చికిత్సను మరోసారి ఓపికగా చేయండి. అప్పటికీ రాకపోతే లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో, కొత్త వెర్షను బూట్ చేసి చూడండి. అందులోనూ అదే సందేశం వస్తే కోడెక్ చిప్ పాడైపోయి ఉంటుంది.

"ఫర్మ్‌వేర్" (చిప్ లోపలే నడిచే ప్రోగ్రాము) అన్న మాటతో, చివర మైనస్ 2 అన్న సంఖ్యతో వైఫల్యం కనబడితే, కోరిన ఫైలు దొరకలేదని దాని భావం. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లు, కొన్ని ఆల్-ఇన్-వన్ యంత్రాలు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ (ఎస్ఓఎఫ్) మీద నడుస్తాయి, దాని ఫైళ్లు వేరే ప్యాకేజీలో ఉంటాయి. డెబియన్‌లో ఫర్మ్‌వేర్ హైఫన్ ఎస్ఓఎఫ్ హైఫన్ సైన్డ్, ఫెడోరాలో ఆల్సా హైఫన్ ఎస్ఓఎఫ్ హైఫన్ ఫర్మ్‌వేర్, ఆర్చ్‌లో ఎస్ఓఎఫ్ హైఫన్ ఫర్మ్‌వేర్ అన్నవి దాని పేర్లు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇటువంటి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే సీడీలోనే వస్తోంది. అంతకు ముందటిది వేసుకున్నవారు నాన్-ఫ్రీ విభాగాన్ని తామే చేర్చుకోవాలి. ఫర్మ్‌వేర్ ఉన్నా పని జరగకపోతే, పాత పద్ధతి డ్రైవరునే వాడమని చెప్పవచ్చు. మోడ్‌ప్రోబ్ చుక్క డీ ఫోల్డరులో చుక్క కాన్ఫ్‌తో ముగిసే కొత్త ఫైలు పెట్టి, "ఆప్షన్స్" అని రాసి, ఖాళీ తరువాత ఎస్ఎన్‌డీ హైఫన్ ఇంటెల్ హైఫన్ డీఎస్‌పీసీఎఫ్‌జీ, మళ్లీ ఖాళీ తరువాత డీఎస్‌పీ అండర్‌స్కోర్ డ్రైవర్ సమానం 1 అని రాయాలి. దానివల్ల యంత్రంలో ఇమిడి ఉన్న డిజిటల్ మైకు పనిచేయకుండా పోతుంది. మైకు అవసరమైనవారు దీన్ని శాశ్వతంగా ఉంచుకోకూడదు.

కెర్నల్‌కు కార్డు ఉంది, డెస్క్‌టాప్‌కు లేదు

ఏప్లే అన్న కమాండ్‌కు ఖాళీ, హైఫన్ ఎల్ చేర్చి నడపండి. కార్డు పేరు వచ్చి, సెట్టింగ్స్‌లో మాత్రం డమ్మీయే ఉంటే, కింది మెట్లన్నీ గట్టిగా ఉన్నట్టే; లోపం సౌండ్ సర్వర్ దగ్గర ఉంది. అదే కమాండ్‌కు ముందు సుడో పెట్టినప్పుడు మాత్రమే కార్డు వస్తుంటే అది అనుమతుల సమస్య. డెస్క్‌టాప్‌లో మామూలుగా లాగిన్ అయినవారికి ఆ అనుమతి సిస్టమ్ తానే ఇస్తుంది కనుక, ముందు లాగౌట్ అయి తిరిగి లాగిన్ అవ్వండి.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ఒక విచిత్రమైన కారణం ఎదురైంది. మిడి ఫైళ్లను (ధ్వనిని కాక స్వరాలనే రాసి దాచేవాటిని) వినిపించే టిమిడిటీ అన్న ప్రోగ్రాము, తనతో పాటు వెనకాల నడిచే డీమన్ అన్న మరో భాగాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, కంప్యూటర్ ఆన్ కాగానే కార్డును తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. తరువాత వచ్చిన సౌండ్ సర్వర్‌కు కార్డు దొరకక డమ్మీని చూపిస్తుంది. ఎవరు పట్టుకున్నారో తెలుసుకోవడానికి సుడో ఎఫ్‌యూజర్, ఖాళీ, హైఫన్ వీ, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఎన్‌డీ స్లాష్ నక్షత్రం అన్న కమాండ్ ఉంది. అందులో టిమిడిటీ పేరు వస్తే, టిమిడిటీ హైఫన్ డీమన్ అన్న ప్యాకేజీని మాత్రమే తీసేయండి. మిడి ఫైళ్లు వినడానికి అసలు ప్రోగ్రాము ఉంటే సరిపోతుంది.

మిగతావారు సౌండ్ సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టి చూడాలి. పైప్‌వైర్ ఉన్న యంత్రంలో సిస్టమ్‌సీటీఎల్, ఖాళీ, రెండు హైఫన్లతో యూజర్, ఖాళీ, రీస్టార్ట్ అని రాసి, దాని వెంట పైప్‌వైర్, పైప్‌వైర్ హైఫన్ పల్స్, వైర్‌ప్లంబర్ అన్న మూడు పేర్లు ఖాళీలతో ఇవ్వాలి. దీని ముందు సుడో పెట్టకూడదు. ఇవి మీ లాగిన్‌కు చెందినవి, సిస్టమ్‌కు చెందినవి కావు. తరువాత పావ్యూకంట్రోల్ (పీ, ఏ, వీ, యూ, దానికి ఆనించి కంట్రోల్) అన్న చిన్న ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేసి, "కాన్ఫిగరేషన్" పేజీలో మీ కార్డు ప్రొఫైల్ "ఆఫ్" అని ఉందేమో చూడండి. ఉంటే "అనలాగ్ స్టీరియో" ఎంచుకోండి. ఇదొక్కటే కారణమై, మొత్తం సిస్టమ్‌ను ఫార్మాట్ చేసుకున్నవారిని చూసి బాధపడ్డాను.

కార్డు కనబడిన తరువాత

ఇక్కడికి వచ్చాక కూడా శబ్దం వినబడకపోతే అది తేలిక జబ్బే. ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో మీ కార్డును ఎంచుకుని, "మాస్టర్", "ఫ్రంట్" కింద రెండు ఎం అక్షరాలు ఉంటే ఎం నొక్కి తీసేయండి. "ఆటో-మ్యూట్" ఆన్‌లో ఉండి, ముందు జాక్ తుప్పుతో దెబ్బతిని ఉంటే, హెడ్‌ఫోన్స్ లేకపోయినా ఉన్నట్టు భ్రమపడి వెనక స్పీకర్లను ఆపేస్తుంది. స్పీకర్ల పిన్ను వెనక ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. స్పీకర్ హైఫన్ టెస్ట్, ఖాళీ, హైఫన్ సీ, ఖాళీ, 2, ఖాళీ, హైఫన్ టీ, ఖాళీ, వేవ్ (డబ్ల్యూ, ఏ, వీ) అన్న కమాండ్ ఎడమ, కుడి స్పీకర్లను విడివిడిగా పలికిస్తుంది.

యూఎస్‌బీ సౌండ్ కార్డు గురించి చెబుతానన్నాను. బొటనవేలంత ఉండే ఆ పరికరం చాలావరకు ఏ ప్రత్యేక డ్రైవరూ అడగదు. కెర్నల్‌లోని యూఎస్‌బీ ఆడియో డ్రైవరే దానిని గుర్తిస్తుంది. అయితే అది కూడా ఉబుంటులో మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా ప్యాకేజీ ఉంటేనే. దాన్ని పరీక్షకు కూడా వాడవచ్చు. అది పలికి, మదర్‌బోర్డు ఆడియో పలకకపోతే, సౌండ్ సర్వర్ నుంచి పైన అంతా బాగున్నట్టే. తెర చదివే ఓర్కా సాయంతో కంప్యూటర్ వాడే చూపు లేనివారి ఇంట్లో ఇటువంటిది ఒకటి తప్పకుండా ఉంచమని కోరతాను. వారికి శబ్దం పోవడమంటే తెర నల్లబడిపోవడమే. మరమ్మతు చేసేవారు మిగతా పరీక్షలన్నీ మొదలుపెట్టక ముందే దానిని తగిలించి, వారి యంత్రాన్ని వారి చేతికి తిరిగి ఇవ్వాలి.

ఏదీ ఫలించక, తెలిసినవారి సాయం కోరవలసి వస్తే, ఆల్సా హైఫన్ ఇన్ఫో అన్న స్క్రిప్టును నడిపి దాని ఫలితం పంపండి. అది కొన్ని సిస్టమ్‌లలో చివర చుక్క ఎస్‌హెచ్‌తో ఉంటుంది. చిప్, కోడెక్, డ్రైవరు, మిక్సర్ వివరాలన్నీ అందులో ఒకేచోట ఉంటాయి. ఊరికే నడిపితే ఆ వివరాలను బయటి సర్వరుకు ఎక్కించడానికి సిద్ధపడుతుంది. అది ఇష్టం లేకపోతే ఖాళీ తరువాత రెండు హైఫన్లతో నో హైఫన్ అప్‌లోడ్ అని చేర్చండి. ఫైలు స్లాష్ టీఎంపీ ఫోల్డరులో ఉండిపోతుంది. దానితో పాటు శబ్దం చివరిసారి ఏ రోజు పలికిందో, ఆ రోజుకూ ఈ రోజుకూ మధ్య యంత్రంలో ఏం మారిందో కాగితం మీద రాసుకున్నదంతా పంపండి. మాస్టారి యంత్రం విషయంలో జవాబు దొరికింది ఆ రెండో ప్రశ్న దగ్గరే. ప్యాకేజీ దిగి రీస్టార్ట్ అయ్యేసరికి ఇంకా కొందరు పిల్లలు వయొలిన్ పెట్టెలు తెరుస్తూనే ఉన్నారట.